మైకు ముందు మాట ఆగిపోతోందన్న అబ్బాయికి

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను నాయనా. పలమనేరు దగ్గర పల్లె, తెలుగు మీడియం చదువు, ఒక డెయిరీలో ఫీల్డ్ సూపర్‌వైజర్ ఉద్యోగం. నెలకు నాలుగైదు ఊళ్లలో పాడి రైతులను కూర్చోబెట్టి మాట్లాడాలి. పోయిన నెల పొదుగువాపు గురించి చెప్పడానికి లేచి, బట్టీ పట్టిన దాంట్లో మూడో వాక్యం దగ్గర ఆగిపోయి, "అందరికీ నమస్కారం" అని దిగిపోయావు. ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నీకు నిద్ర పట్టలేదు. ఈ భయం పోవడానికి ఏదైనా కోర్సు ఉందా, మన యాస మార్చుకోవాలా, ఇంగ్లిష్ సరిగా రాకపోవడం వల్లే ఇట్లా అవుతోందా అని అడిగావు.

నేను తిరుపతిలో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. వక్తృత్వ పోటీలకు పిల్లలను తయారు చేశాను, ఆ పోటీలకే జడ్జిగా కూర్చున్నాను, సభలకు వ్యాఖ్యానం చేశాను. నా స్టూడెంట్ల వయసువాడివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను.

నువ్వు రాసిన దాంట్లో నన్ను పట్టుకున్న మాట "బట్టీ పట్టిన" అన్నది. రోగం అక్కడుంది. బళ్లో మనకు నేర్పింది అప్పజెప్పడం. ఎక్కాలు అప్పజెప్పాలి, పద్యం అప్పజెప్పాలి, ఆగస్టు 15న జెండా కింద నిలబడి ఐదు నిమిషాలు అప్పజెప్పాలి. అప్పజెప్పేటప్పుడు కళ్లు తెరిచే ఉంటాయి గానీ ఎదురుగా ఉన్న మనిషిని చూడవు, తల లోపలున్న కాగితాన్ని చూస్తుంటాయి. పద్యం అప్పజెప్పడంలో తప్పులేదు. యతిప్రాసలు, గణాలు తాడులా ఉండి తర్వాతి మాటను లాక్కొస్తాయి. వచనానికి ఆ తాడు లేదు. ఒక్క మాట జారిందంటే దండ తెగినట్టు వెనకున్నవన్నీ రాలిపోతాయి. నీకు మూడో వాక్యం దగ్గర జరిగింది అదే.

నాకూ జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీలో గురజాడ జయంతి సభకు పిలిచారు. నాలుగు పేజీలు రాసుకుని వారం రోజులు బట్టీ పట్టాను. రెండో పేజీ మధ్యలో కరెంటు పోయింది. మూడు నిమిషాల్లో వచ్చింది గానీ నేను ఎక్కడ ఆగానో నాకు దొరకలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను, సరిగ్గా అక్కడికే వచ్చి మళ్లీ ఆగిపోయాను. మూడు వందల మంది ముందు చేతులు జోడించి వచ్చి కూర్చున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ పంచలో చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. నేనూ కూర్చుని గింజలు తీస్తూ ఉంటే, "గురజాడ అంటే ఎవరే?" అని అడిగింది. చెప్పాను. పుస్తకాల్లో రాసే భాష ఒకటి, మనం ఇంట్లో మాట్లాడుకునే భాష ఒకటి అయినప్పుడు, మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన, గిడుగు రామమూర్తి గారు ఎంత కొట్లాడారో చెప్పాను. చేట నిండేదాకా చెప్పాను. ఒక్కచోటా తడబడలేదు. పొద్దున సభలో రానిది సాయంత్రం ఎట్లా వచ్చిందా అని ఆ రాత్రంతా ఆలోచించాను. తెలిసిన విషయం అదే, మనిషినీ నేనే. అమ్మకు చెప్పాను, సభకు అప్పజెప్పాను. ఆ తర్వాత ఏ ప్రసంగాన్నీ వాక్యాలుగా బట్టీ పట్టలేదు.

కాగితం లేకుండా మాట్లాడటం కుదరదనుకోవద్దు. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు 1986లో కన్నుమూసే ముందు నెల దాకా దేశదేశాల్లో మాట్లాడుతూనే ఉన్నారు. మామూలు కుర్చీ, చేతిలో ఏ కాగితమూ ఉండదు. ఇది ఉపన్యాసం కాదు, మనం కలిసి ఒక విషయాన్ని చూస్తున్నాం అని విన్నవాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పేవారు. ఆయన తత్వం సంగతి పక్కన పెట్టు. ఆ కూర్చునే తీరు, ఎదుటివాళ్లను మాటలోకి లాగే తీరు గమనించు. వీడియోలు చాలా ఉన్నాయి, సౌండు తీసేసి కూడా చూడు.

నాకు అసలైన పాఠం చెప్పింది మాత్రం మన చిత్తూరు వైపు భారతాలే. నీకు తెలిసే ఉంటుంది. ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలంలో 18 రోజులు భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం, అర్జున తపస్సు నాడు ఆ ఎత్తు మాను ఎక్కడం, చివరిరోజు దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. రాత్రి నాటకానికి జనాన్ని నిలబెట్టడం తేలిక. లైట్లు, వేషాలు, కిరీటాలు ఉంటాయి. మధ్యాహ్నం హరికథ సంగతి వేరు. రెండు గంటల ఎండ, కడుపులో సంగటి, షామియానా కింద వేడిగాలి. పైగా కథ అందరికీ తెలిసిందే. అక్కడ మూడు గంటలు జనాన్ని మేలుకొల్పి ఉంచగలిగితే ఎక్కడైనా మాట్లాడగలరు.

మా అమ్మమ్మ ఊళ్లో ఒకసారి చూశాను. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన ఘట్టం. జనంలో సగం మంది కూర్చున్నచోటే కునుకుతున్నారు. హరిదాసు గొంతు పెంచుతాడని అనుకున్నాను. ఆయన చిడతలు ఆపాడు. హార్మోనియం వైపు చెయ్యి చూపిస్తే అదీ ఆగింది. రెండడుగులు ముందుకొచ్చి, గొంతు బాగా తగ్గించి, ముందు వరసలో ఉన్న ఒక ముసలామెను చూసి "అవ్వా, తనను తాను ఓడిపోయినోడికి పెండ్లాన్ని పందెం కాసే హక్కు ఉంటుందా? నువ్వు చెప్పు" అన్నాడు. ఆమె వెంటనే ఏమీ అనలేదు. ఈయన కూడా ఏమీ అనలేదు, అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. మైకులో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఆమె "యాడుంటుంది సామీ" అంది. "అవ్వకు తెలిసింది, భీష్ముడికి తెలియలేదు" అన్నాడు ఆయన. అంతే, షామియానా అంతా లేచి కూర్చుంది. చిడతలు మళ్లీ మొదలయ్యాయి.

ఆ అర నిమిషంలో ఏం జరిగిందో విడదీసి చూడు. అలవాటైన చప్పుడు ఆగింది, అందుకే చెవులు లేచాయి. వందల మందిలో ఒక్క మనిషిని చూసి అడిగాడు, అడిగింది మాత్రం ప్రతి ఒక్కరికీ తమను అడిగినట్టే తగిలింది. అన్నిటికంటే కష్టమైనది, ఆమె జవాబు చెప్పేదాకా ఆగాడు. మైకు పట్టుకున్న మనిషికి రెండు సెకన్ల మౌనం రెండు నిమిషాల్లా అనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని భరించలేక తామే జవాబు చెప్పేస్తారు. ఆగడం నేర్చుకో. మనసులో ఐదు లెక్కపెట్టు.

ఇప్పుడు నీ పొదుగువాపు దగ్గరకు వద్దాం. నువ్వు పంపిన మొదటి పేరా ఇది: "వేదికను అలంకరించిన పెద్దలకు, విచ్చేసిన పాడి రైతు సోదర సోదరీమణులకు నమస్కారములు. పాడి పరిశ్రమ మన గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక వంటిది. పొదుగువాపు వ్యాధి అనునది పాల దిగుబడిని గణనీయంగా తగ్గించు..." ఇందులో నువ్వు ఇంట్లో ఎప్పుడైనా పలికిన వాక్యం ఒక్కటి ఉందా? నాలుకకు అలవాటు లేని మాటలు కష్టకాలంలో నాలుక మీదికి రావు. "గణనీయంగా" దగ్గర నువ్వు ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

దాని బదులు ఇట్లా మొదలుపెట్టి చూడు: "అక్కా, పొద్దున పాలు పిండినాక మీ ఆవు ఎంతసేపటికి పడుకుంటుంది?"

ఇది ఎవర్ని అడగాలో కూడా చెప్తాను. ముందు కుర్చీల్లో మగవాళ్లు కూర్చుంటారు. వాళ్లను అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పాలు పిండేది, పేడ ఎత్తేది ఆడవాళ్లు. వాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంటారు. వాళ్లను అడుగు. "పిండిన వెంటనే పడుకుంటుందయ్యా" అని ఒకరంటారు, "మాదైతే మేత మేసి పడుకుంటుంది" అని ఇంకొకరంటారు. అదిగో, నీ ప్రసంగం మొదలైపోయింది. అప్పుడు చెప్పు. పాలు పిండినాక చనుమొన రంధ్రం అరగంట దాకా పూర్తిగా మూసుకోదు. ఆలోపు ఆవు పేడలో, తడి నేలలో పడుకుంటే ఆ రంధ్రం గుండా క్రిములు లోపలికి పోతాయి, పొదుగువాపు వచ్చే దారుల్లో అదొకటి. అందుకని పిండిన వెంటనే గాటిపాటులో మేత వేస్తే, ఆవు అరగంట నిలబడే ఉంటుంది. మా పుట్టింట్లో రెండావులుండేవి, పశువుల డాక్టరు మా అమ్మకు చెప్పిన మాటే ఇది. నీకు నాకంటే బాగా తెలుసు. తెలిసిన దాన్ని వెన్నెముక కింద దాచిపెట్టావు.

ఆ మీటింగుకు ఆ ఒక్క విషయమే చాలు. నీ కాగితంలో పిండే ముందు కడగడం, మందులో చనుమొనలు ముంచడం, షెడ్డులో సున్నం, ప్రభుత్వ పథకం, డెయిరీ ఇచ్చే దాణా, అన్నీ ఉన్నాయి. పది చెప్తే రైతు ఒక్కటీ ఇంటికి తీసుకుపోడు. ఒక్కటి చెప్పి, అది ఎందుకో అర్థమయ్యేటట్టు చెప్పి, "రేపు పొద్దున పిండంగానే మేత వేసి చూడండి, వారం తర్వాత వస్తాను, చెప్పండి" అని ముగించు. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మిగతావి వచ్చే మీటింగులకు ఉన్నాయి.

కాగితం పూర్తిగా వద్దనడం లేదు. ఒక చిన్న చీటీ మీద వేదిక మీదున్నవాళ్ల పేర్లు వరసగా రాసుకో. సర్పంచి పేరు మరిచిపోతే ఆ ఊళ్లో నీ మాట ఏడాది దాకా చెల్లదు. కింద నాలుగే మాటలు: ఆవు పడుకోవడం, రంధ్రం, మేత, వారం తర్వాత. వాక్యాలు వద్దు. పెద్ద కాగితం చేతిలో పట్టుకోవద్దు, చెయ్యి కొంచెం వణికినా కాగితం పదింతలు వణుకుతుంది, అది చూసి నీ వణుకు పెరుగుతుంది. మైకు చేత్తో పట్టుకోవాల్సి వస్తే మోచెయ్యి పక్కటెముకలకు ఆనించు.

మైకు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా మహతి ఆడిటోరియం లాంటి హాల్లో మాట్లాడటం వేరు, ఊరి రచ్చబండ దగ్గర గొట్టం మైకులో మాట్లాడటం వేరు. ఊళ్లలో ఆ గొట్టాలు, అంటే లౌడ్‌స్పీకర్లు, వీధి చివర స్తంభానికి కడతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గొట్టం 70 మీటర్ల దూరంలో ఉంటే నీ మాట నీకే 0.2 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. మనిషి తన గొంతు తనకు సరిగ్గా ఆ మాత్రం ఆలస్యంగా వినిపించినప్పుడే ఎక్కువ తడబడతాడు. నోరు ముందుకు పోవాలంటుంది, చెవి వెనక్కు లాగుతుంది. నీ తడబాటులో కొంత దీనివల్లే అయ్యుండొచ్చు, నువ్వేమో అంతా భయమే అనుకున్నావు. దీనికి విరుగుడు చిన్న వాక్యాలు. వాక్యం అయ్యాక గొట్టంలో చివరి మాట వినిపించేదాకా ఆగి, తర్వాతిది మొదలుపెట్టు. వినేవాళ్లకు అది నిబ్బరంగా వినిపిస్తుంది. ఇంకా ఒకటి, అరగంట ముందు పోయి మైక్‌సెట్ అబ్బాయితో మాట్లాడు, పేరు అడుగు. నోటికి మైకు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి నీ మొదటి ప్రశ్న పలికి చూడు. మైకు తల మీద పిడికిలి మూయవద్దు, మైకును గొట్టం వైపు తిప్పవద్దు, రెండింటికీ కూత పెడుతుంది.

ఇక భయం. అది పోదు. నాకు ఇప్పటికీ లేచే ముందు అరచేతులు చల్లబడతాయి. ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది. సాధారణంగా మొదటి ఒకటి రెండు నిమిషాల్లో దాని జోరు తగ్గుతుంది. ఆ రెండు నిమిషాలు దాటించే పని నీ మొదటి ప్రశ్న చేస్తుంది, ఎందుకంటే అప్పుడు మాట్లాడేది వాళ్లు. పిలిచే ముందు కూర్చున్నచోటే ఊపిరి మామూలుగా పీల్చి, దానికి రెట్టింపు సేపు మెల్లగా వదులు. ఐదారుసార్లు చాలు. వదిలే ఊపిరి పొడవైతే గుండె నెమ్మదిస్తుంది.

నీ భయం అందరికీ కనబడిపోతోందని అనుకుంటున్నావు చూడు, అది నిజం కాదు. 2003లో అమెరికాలో కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. మాట్లాడబోయేవాళ్లలో కొందరికి "మీ లోపలి ఆందోళన మీరనుకున్నంతగా బయటికి కనబడదు" అని ముందే వివరించి చెప్పారు. ఆ మాట విన్నవాళ్లు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారు, చూసినవాళ్లూ అదే చెప్పారు. వేరే శిక్షణ ఏమీ లేదు, ఆ ఒక్క సంగతి తెలియడమే.

గుండె దడకు ఒంటిని అలవాటు చేయడానికి నా స్టూడెంట్లతో ఒక పని చేయించేదాన్ని. అలిపిరి నడకదారి మొదట్లో మెట్లు ఎంత నిటారుగా ఉంటాయో నీకు తెలుసు. ఆగకుండా వంద మెట్లు ఎక్కి, ఆయాసం తగ్గకముందే పక్కనున్న స్నేహితురాలికి ఒక విషయం రెండు నిమిషాలు చెప్పాలి. మొదటిరోజు మాట ముక్కలు ముక్కలవుతుంది. నాలుగోసారికి, ఊపిరి ఎక్కడ అందుతుందో అక్కడ వాక్యం ముగించడం దానంతటదే వస్తుంది. కొండెక్కేవాళ్లను చూడు, ఒకరు "ఏడుకొండలవాడా" అంటారు, పదిమంది "గోవిందా" అందుకుంటారు, ఆ సందులో మొదటాయనకు ఊపిరి దొరుకుతుంది. మీ ఊళ్లో గుట్ట ఉంటే అదీ చాలు. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇది చేయొద్దు.

మధ్యలో ఎవరో లేచి "పాల రేటు ఎప్పుడు పెంచుతారు?" అంటే ఏం చేయాలని అడిగావు. అంటారు, తప్పకుండా అంటారు, వాళ్లకు అదే ముఖ్యం. అష్టావధానం ఎప్పుడైనా చూశావా? ప్రశ్నలు వేసే పృచ్ఛకులు ఎనిమిది మందిలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే అది, పద్యం మధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేసి అవధాని ధ్యాస చెడగొట్టడం. అవధాని విసుక్కోడు, వినబడనట్టు నటించడు. ఒక్క మాటలో జవాబు చెప్పి, వదిలిన పాదం దగ్గరికే తిరిగొస్తాడు. నువ్వూ అట్లాగే, "రేటు నా చేతిలో లేదన్నా. మీరడిగింది మా ఆఫీసులో చెప్పి, మంగళవారం పాల సెంటర్ దగ్గరకొచ్చి వాళ్లేమన్నారో చెప్తాను" అని పేరు రాసుకుని, "అక్కా, ఆవు నిలబడే సంగతి చెప్పుకుంటున్నాం కదా" అని ముందుకు పో. మంగళవారం మాత్రం పోవాలి. చెప్పడానికి ఏమీ లేకపోయినా పోయి ఆ మాటే చెప్పాలి. సభలో నీ మాటకు బలం వచ్చేది ఆ మంగళవారం నుంచే.

యాస మార్చుకోవద్దు. తెలుగు లెక్చరర్‌గా చెప్తున్నాను. పలమనేరు, కుప్పం వైపు తమిళం, కన్నడం కలిసిన మన మాట ఆ రైతులకు సొంత మాట. నువ్వు టీవీ తెలుగు మాట్లాడిన మరుక్షణం వాళ్లకు కంపెనీ మనిషివి అయిపోతావు. పదం చివర మింగకుండా పలుకు, అంతవరకే. ఇంగ్లిష్‌కూ దీనికీ సంబంధం లేదు, పాలలో వెన్నను ఫ్యాట్ అని, వెన్న కాని గట్టి పదార్థాన్ని ఎస్‌ఎన్‌ఎఫ్ అని రైతులే అంటారు. "అంటే", "ఏందంటే", "ఇప్పుడు" అని వాక్యానికొకసారి దొర్లుతుంటాయి కదా, అవి మాట దొరకనప్పుడు మనం పెట్టే అరుగులు. అక్కడ నోరు మూసుకుని ఆగితే చాలు.

కోర్సు కావాలంటే చేరు, తప్పులేదు. 1924లో అమెరికాలో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ అనే ప్రసంగాల క్లబ్బుల పద్ధతి మంచిది. కలిసిన ప్రతిసారీ కొందరితో ఐదు నుంచి ఏడు నిమిషాలు మాట్లాడిస్తారు, నువ్వు ఎన్నిసార్లు "ఆ..." అన్నావో లెక్కపెట్టడానికే ఒక మనిషిని పెడతారు. డబ్బు కట్టే ముందు ఒక్కటే అడుగు, నేను వారానికి ఎన్నిసార్లు లేచి మాట్లాడతాను అని. కుర్చీలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చే చోటికి పోవద్దు.

ఈలోపు ఇంట్లో చేసే పని ఒకటే ఉంది. రోజూ రాత్రి అన్నాలప్పుడు ఆ రోజు చూసిన ఒక సంగతి ఇంట్లోవాళ్లకు రెండు నిమిషాలు చెప్పు, ఫోన్ పక్కన రికార్డు పెట్టి. మరునాడు బండి మీద పోయే ముందు విను. మొదటి వారం నీ గొంతు నీకే నచ్చదు, అందరికీ అంతే. అయినా విను. ఎక్కడ ఆగితే బాగుండేదో నీకే తెలుస్తుంది.

వచ్చే మీటింగు ఎప్పుడో రాయలేదు. ఎప్పుడైనా సరే, ఆవు పడుకునే ప్రశ్నతోనే మొదలుపెట్టి, వెనక గోడ దగ్గరున్న అక్కలు ఏం చెప్పారో, నువ్వు ఎంతసేపు ఆగగలిగావో ఇక్కడ రాయి. గాలికుంటు టీకా మీద మాట్లాడాల్సింది కూడా ఉందన్నావు కదా, దాన్ని ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో అప్పుడు కూర్చుని చూద్దాం.